ఓనర్ ఫ్లాట్ అమ్మేస్తున్నాడా? ఆ ‘అంగీకార పత్రం’ మీద సంతకం పెట్టే ముందు ఇది చదవండి

హైదరాబాద్‌లో అద్దెకుంటూ, ఓనర్ ఇల్లు అమ్మకానికి పెట్టాడని తెలిసినవాళ్ల కోసం ఇది రాస్తున్నా. అద్దెవాళ్లు ఉన్న ఫ్లాట్ కొనబోతున్నవాళ్లు కూడా చదవండి, మీకూ పనికొస్తుంది. ఇలాంటప్పుడు అందరూ ఎప్పుడు ఖాళీ చేయమంటారో అని టెన్షన్ పడతారు. నిజంగా దెబ్బ తగిలేది డిపాజిట్ దగ్గర. దాని గురించి అడిగేసరికి రిజిస్ట్రేషన్ అయిపోయి ఉంటుంది, డబ్బు ముట్టిన ఓనర్ ఫోన్ ఎత్తడు.

మేముండేది నిజాంపేటలో, మూడు బెడ్‌రూముల ఫ్లాట్. నెలకు 24,000 అద్దె, మూడు నెలల అద్దె అంటే 72,000 డిపాజిట్. ఓనర్ అమెరికాలో ఉంటాడు. ఇక్కడి లెక్కలన్నీ చూసేది ఆయన బావమరిది, జీపీఏ (ఓనర్ తరఫున పనులు చూసే అధికార పత్రం) కూడా ఆయన పేరు మీదే ఉంది. మా కింది అంతస్తులో ఇంకో ఫ్లాట్ కూడా ఈ ఓనర్‌దే. రెండూ కలిపి ఒకరికే అమ్మారు. పేర్లు రాయడం లేదు. విషయం రాజీతో ముగిసింది, పైగా మీకు కావాల్సింది పేర్లు కాదు, వాళ్లు నడిపిన పద్ధతి.

అమ్మకం సంగతి మాకు ముందు చెప్పింది వాచ్‌మన్. ఆ తర్వాత వారం ఏజెంట్ దిగాడు. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి ఆరుగురిని వెంటేసుకుని వచ్చి, చెప్పులతోనే వంటింట్లోకి నడిచాడు. బెడ్‌రూమ్ వీడియో తీశాడు. ఆ వీడియోలో మా పాప చదువుకుంటూ కనిపిస్తోంది, దాన్నే అమ్మకం ప్రకటనలో పెట్టాడు. తీసేయమంటే, ‘ఇల్లు మీదా సార్?’ అన్నాడు. ఇల్లు మాది కాదు, నిజమే. కానీ అద్దె కడుతున్నంత కాలం ఆ ఇంట్లో ఇబ్బంది లేకుండా ఉండే హక్కు మాది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108 ప్రకారం ఓనర్ గానీ ఆయన మనిషి గానీ ఇల్లు చూసుకోవడానికి రావచ్చు, అదీ తగిన వేళల్లోనే. మేం బావమరిదికి ఒకటే మెసేజ్ పెట్టాం: శని, ఆదివారాల్లో పగలు, ముందురోజు చెప్పి రండి, వీడియోలు వద్దు. ఆ తర్వాత రాత్రి వేళ రావడం ఆగింది. స్పేర్ తాళం ఇమ్మని కూడా అడుగుతారు. ఇవ్వకండి.

ఇక అసలు కథ. రిజిస్ట్రేషన్ అయిన రెండు మూడు రోజులకు ఏజెంట్ మళ్లీ వచ్చాడు, ఈసారి స్వీట్ బాక్సుతో. కొత్త ఓనర్‌కు పరిచయంగా ఒక చిన్న కాగితం మీద సంతకం కావాలన్నాడు. పైన ‘అంగీకార పత్రం’ అని ఉంది. మొదటి మూడు వాక్యాలూ మామూలువే: ఇల్లు ఫలానావారు కొన్నారు, ఇకపై అద్దె వారికే కడతాను. నాలుగో వాక్యం మా ఆవిడ కంట పడింది: ‘డిపాజిట్‌తో సహా అన్ని లెక్కలూ కొత్త యజమానితోనే చూసుకుంటాను, పాత యజమానికి ఎటువంటి బాధ్యతా లేదని ఒప్పుకుంటున్నాను.’ డిపాజిట్ కొత్త ఆయనకు బదిలీ అయిందా అని అడిగితే, ‘వాళ్లూ వాళ్లూ చూసుకున్నారు సార్’ అన్నాడు. ఎంత, ఏ రోజు, ఏ చెక్కు అంటే జవాబు లేదు. మేం సంతకం పెట్టలేదు.

కింది ఫ్లాట్‌లో ఉండే పెద్దాయన రిటైరైన టీచర్. మనిషి మాట మీద నమ్మకం ఉన్నవాడు. ఆయన పెట్టేశారు.

ఆ నాలుగో వాక్యం ఎందుకంత ముఖ్యమో చెప్తా. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 109 సరిగ్గా ఈ పరిస్థితి గురించే. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, ఇల్లు కొన్నవారికి పాత ఓనర్‌కున్న హక్కులన్నీ వస్తాయి, అద్దె వసూలుతో సహా. బాధ్యతల సంగతి మాత్రం వేరు. ఇల్లు అమ్మినంత మాత్రాన పాత ఓనర్ తన బాధ్యతల నుంచి బయటపడడు. అద్దెకున్న మనిషి ‘ఇకపై నాకు బాధ్యుడు కొత్త ఆయనే’ అని ఎంచుకుంటేనే బయటపడతాడు. అంటే ఆ ఎంపిక మన చేతిలో ఉంది. ఏజెంట్ తెచ్చిన కాగితం ఆ ఎంపికను మనకు తెలియకుండానే మన చేత చేయిస్తుంది. అమ్మేవాడికి, కొనేవాడికి, మధ్యలో కమీషన్ తీసుకునేవాడికి ముగ్గురికీ లాయర్లు ఉంటారు. సంతకం పెట్టే వేళకు మనకు ఉండరు.

పెద్దాయన ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ అడిగితే కొత్త ఓనర్, ‘నేను పూర్తి ధర కట్టాను, నాకెవరూ మీ డిపాజిట్ ఇవ్వలేదు’ అన్నాడు. పాత ఓనర్ బావమరిదికి ఫోన్ చేస్తే, ‘మీరే రాసిచ్చారు కదా మాస్టారూ’ అన్నాడు. ఆ కాగితం పట్టుకుని ఆయన కొత్త ఓనర్ మీద దావా వేయొచ్చు, దారి మూసుకుపోలేదు. కానీ ఆ వయసులో సివిల్ కోర్టు మెట్లెక్కి, డిపాజిట్ అనేది ఆస్తితో పాటు వచ్చే బాధ్యతా, లేక పాత ఓనర్‌తో ఉన్న సొంత బాకీయా అన్న వాదన వింటూ కూర్చోవాలి.

మాకూ సుఖంగా జరగలేదు. సంతకం పెట్టలేదన్న కోపంతో కావచ్చు, వారంలో ఖాళీ చేయమని కొత్త ఓనర్ వాట్సాప్‌లో పెట్టాడు. మా అగ్రిమెంట్ 11 నెలలది, గడువు ఎప్పుడో అయిపోయింది. కానీ అద్దె మాత్రం నెలనెలా తీసుకుంటూనే ఉన్నారు. ఇలాంటప్పుడు చట్టం దాన్ని నెలవారీ అద్దెగా చూస్తుంది. ఆపాలంటే ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 ప్రకారం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. అది రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి, పోస్టులో గానీ నేరుగా గానీ అందాలి. ఇక్కడ ఎవరూ భ్రమలో ఉండొద్దు, 15 రోజులు చాలా తక్కువ. మీ అగ్రిమెంట్‌లో రెండు నెలల నోటీసు అని ఉంటే దాన్ని గట్టిగా పట్టుకోండి. కానీ రిజిస్టర్ చేయని అగ్రిమెంట్ మీద కోర్టులో పూర్తిగా ఆధారపడలేం. 11 నెలలని రాసుకుంటే చాలు, రిజిస్ట్రేషన్ గొడవే లేదని ఏజెంట్లు చెప్పే మాట మీద అంత భరోసా వద్దు. అద్దె, డిపాజిట్ బ్యాంకు ద్వారా కట్టిన లెక్కే మనకు అసలైన బలం.

రెంట్ కంట్రోల్ చట్టం కాపాడుతుందని కొందరు చెప్తారు. అది 1960 నాటి చట్టం. కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 దాటిన ఇళ్లకు వర్తించదు. ఈ రోజుల్లో 3,500కు హైదరాబాద్‌లో సింగిల్ రూమ్ కూడా దొరకదు కాబట్టి మనలో దాదాపు ఎవరికీ పనికిరాదు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఇళ్లకు డిపాజిట్ రెండు నెలల అద్దె మించకూడదని ఉంది. పేరుకు తగ్గట్టు అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమల్లోకి వస్తుంది.

అయితే నోటీసు గడువు దాటినా సరే, మనల్ని బయటికి పంపాలంటే కోర్టు ద్వారానే పంపాలి. తాళాలు మార్చడం, సామాను బయట పడేయడం కుదరదు. అలా బలవంతంగా వెళ్లగొడితే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి పొందొచ్చు. ఇల్లు ఎవరిదన్న ప్రశ్న ఆ దావాలో రాదు. మా ఇంట్లో ఒక సాయంత్రం కరెంటు పోయింది. కిందికి వెళ్లి చూస్తే మా మీటరు దగ్గర ఫ్యూజ్ లేదు. బిల్లు కట్టిన రసీదు చేతిలో పెట్టుకుని డయల్ 100కు ఫోన్ చేశాం. వచ్చిన కానిస్టేబుల్ ఇది సివిల్ మ్యాటర్ అనే మొదలుపెట్టాడు గానీ, రసీదు చూశాక కొత్త ఓనర్‌తో మాట్లాడాడు. ఫ్యూజ్ తిరిగొచ్చింది.

ఇంకో తమాషా. రిజిస్ట్రేషన్ నెల మధ్యలో జరిగింది. మేం ఒకటో తారీకునే పాత ఓనర్ ఖాతాకు అద్దె పంపేశాం. కొత్త ఆయన ఆ నెల అద్దె తనకూ కావాలన్నాడు. అమ్మకం జరిగిందని తెలియక, తెలుసుకునే కారణమూ లేక పాత ఓనర్‌కు కట్టిన అద్దెను మళ్లీ కట్టనక్కర్లేదని అదే సెక్షన్ 109 చెప్తుంది. ఆ మాట రాసి పంపాక మళ్లీ అడగలేదు. అమ్మకం జరిగినట్టు సేల్ డీడ్ కాపీ చూపించాకే కొత్తవారికి అద్దె కట్టండి. ఎవరో ఫోన్ చేసి నేనే కొత్త ఓనర్‌ని అంటే కట్టకండి.

చాలామంది ఇచ్చే సలహా ఒకటుంది: చివరి మూడు నెలలు అద్దె ఆపేసి డిపాజిట్‌లో కోసుకోమను. ఓనర్ రాతపూర్వకంగా ఒప్పుకుంటే అదే అన్నిటికంటే మంచి దారి. ఒప్పుకోకుండా ఆపితే మాత్రం అద్దె ఎగ్గొట్టారన్న కేసు వాళ్ల చేతికి మనమే ఇచ్చినట్టు.

మేం జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టాం. కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు వెళ్లొచ్చు, కోర్టు ఫీజు లేదు. అక్కడ రాజీ కుదిరితే ఇచ్చే అవార్డు, అంటే తీర్పు, సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. అవతలివాళ్లు రావాలన్న బలవంతం లేదు, అదొక్కటే చిక్కు. బావమరిది మొదటిసారి రాలేదు, తర్వాత వచ్చాడు. మేం సంతకం పెట్టలేదు కాబట్టి బాధ్యత నీదేనన్న మాటకు ఆయన దగ్గర జవాబు లేదు. పెయింటింగ్ పేరుతో 12,000 కోసి 60,000 ఇచ్చాడు. ఆ కోత న్యాయం కాదు, వదిలేశాం.

కొనేవాళ్లకు కూడా ఒక మాట. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) తీసుకుంటే అద్దెవాళ్ల సంగతి తెలిసిపోతుందనుకోకండి. రిజిస్టర్ కాని అగ్రిమెంట్ ఈసీలో కనపడదు. కానీ ఇంట్లో ఎవరైనా ఉంటే వాళ్ల హక్కు సంగతి కొనేవాడికి తెలిసినట్టే లెక్కని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 3 అంటుంది. నాకు చెప్పలేదండీ అంటే చెల్లదు. ఓనర్‌నీ ఏజెంట్‌నీ అడిగి ఊరుకోకుండా, ఇంట్లో ఉన్నవాళ్లను నేరుగా అడగండి: అద్దె ఎంత, డిపాజిట్ ఎంత, అగ్రిమెంట్ ఎప్పటిదాకా. డిపాజిట్‌ను ధరలోంచి తగ్గించుకుని, ఆ సంగతి సేల్ డీడ్‌లో రాయించండి. లేదా ఖాళీ చేసి తాళాలు చేతికి వచ్చేదాకా కొంత డబ్బు ఆపండి. మా ఫ్లాట్ కొన్నాయన ఈ రెండిట్లో ఒకటి చేసినా, ఫ్యూజులు పీకే అవసరం రాకపోయేది.

అద్దెకున్నవాళ్లు చేయాల్సింది అమ్మకం మాట చెవిన పడిన రోజే చేయాలి. రిజిస్ట్రేషన్ జరిగేదాకా ఓనర్‌కు మనతో అవసరం ఉంటుంది: ఇల్లు చూపించాలి, కొనేవాడికి ఖాళీ ఇల్లు ఇస్తానని మాటిచ్చి ఉంటాడు. ఆ తర్వాత ఆయనకు మనం గుర్తుండం. ఓనర్ విదేశంలో ఉంటే జీపీఏ ఉన్న మనిషికి కూడా ఒక కాపీ పంపండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి, అదే కాగితం ఫొటో వాట్సాప్‌లోనూ పెట్టండి. మా లాయర్ రాసిచ్చిన మాటలు ఇవి, మీ లెక్కలు వేసుకుని వాడుకోండి:

‘మేము అద్దెకుంటున్న ఫ్లాటును మీరు అమ్ముతున్నట్టు తెలిసింది. ఫలానా తేదీన మీ ఖాతాకు పంపిన డిపాజిట్ ఇన్ని రూపాయలు మీ దగ్గరే ఉన్నాయి. రిజిస్ట్రేషన్‌కు ముందే ఆ మొత్తం మాకు తిరిగి ఇవ్వగలరు. లేదా కొనేవారికి అందజేసి, అది తమకు అందిందనీ, మేము ఖాళీ చేసే రోజు మాకు చెల్లిస్తామనీ వారి సంతకంతో పత్రం ఇప్పించగలరు. అంతవరకు ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 109 ప్రకారం మిమ్మల్నే బాధ్యులుగా భావిస్తున్నాము.’