ఇన్ఫోసిస్ vs దాల్మియా సిమెంట్: గ్రీన్ మాటల్లో ఎవరివి నమ్మొచ్చు?

ఇన్ఫోసిస్ 2020లోనే కార్బన్ న్యూట్రల్ (వదిలిన కార్బన్‌కి సమానంగా తగ్గించడం) అయిపోయాం అని చెప్పేసింది, దాల్మియా ఏమో 2040కి కార్బన్ నెగటివ్ (వదిలేదానికన్నా ఎక్కువ తీసేయడం) అవుతాం అంటోంది, పైకి చూస్తే ఐటీ వాళ్లే ఇరవై ఏళ్లు ముందున్నట్టు ఉంటుంది కానీ అసలు ఆ రెండు డేట్లూ పక్కపక్కన పెట్టి చూడకూడదు.

ఐటీ ఆఫీసుల్లో ఉద్గారాలు ప్రధానంగా కరెంటు వాడకం వల్లే, అందులోనూ ఏసీలు. ఇన్ఫోసిస్ హైదరాబాద్ పోచారం క్యాంపస్‌లో ఒకే బిల్డింగ్‌లో సగానికి మామూలు ఏసీ, సగానికి చల్లటి నీళ్ల పైపులతో రేడియంట్ కూలింగ్ పెట్టి పోల్చి చూశారు, అది నిజంగా మంచి పని. మిగిలిన ఉద్గారాలకి పల్లెల్లో బయోగ్యాస్, పొగ తక్కువొచ్చే పొయ్యిల ప్రాజెక్టులతో ఆఫ్‌సెట్ చేసుకున్నారు, అంటే వేరేచోట కార్బన్ తగ్గించి లెక్క సరిచేసుకున్నారు, ఈ సంగతి మాత్రం హెడ్‌లైన్‌లో కనపడదు మరి!

సిమెంట్ కథ వేరే. సున్నపురాయిని కాల్చితే రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, మొత్తం ఉద్గారాల్లో సగానికి పైగా అదే, ఎన్ని సోలార్ ప్యానెళ్లు పెట్టినా అది ఆగదు. అందుకే అలా కాల్చి చేసే క్లింకర్ తగ్గించి ఫ్లై యాష్ (బొగ్గు కరెంటు ప్లాంట్ల బూడిద), స్లాగ్ (ఉక్కు ఫ్యాక్టరీల వ్యర్థం) కలుపుతారు, ఆ తర్వాత మిగిలిన గ్యాస్‌ని పట్టుకోవాల్సిందే, దానికి బోలెడు ఖర్చు.

సెబీ టాప్ 1000 లిస్టెడ్ కంపెనీలకి 2022-23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ రిపోర్ట్ (పర్యావరణం, సామాజిక బాధ్యతల వివరాలిచ్చే రిపోర్ట్) తప్పనిసరి చేసింది. నేనైతే యాడ్ వదిలేసి అదే చూస్తా, సిమెంట్‌కి టన్నుకి ఎంత కార్బన్ అని, ఐటీకి ఆఫ్‌సెట్లు తీసేస్తే ఎంత మిగిలిందని.