సైమా సరస్సు ఒడ్డున గడీల్లో బస: హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్ల కోసం

ఫిన్లాండ్‌లో 'కర్తనో' అంటే మన తెలంగాణ గడీ లాంటిదే. దొర కుటుంబం ఉన్న పెద్దిల్లు, చుట్టూ పొలాలు, పశువుల కొట్టాలు, ధాన్యపు కొట్లు. అక్కడివి ఎక్కువగా చెక్క కట్టడాలు. వాటిలో కొన్ని ఇప్పుడు అతిథులకు గదులిస్తున్నాయి. సైమా సరస్సు చుట్టూ ఇలాంటి ఇళ్లలో దిగుతూ చేసే యాత్రకు మా లెక్కలో అయిదుకు నాలుగు మార్కులు. ఒక మార్కు పోయింది ట్రావెల్స్ వాళ్ల ప్యాకేజీల వల్ల.

రోజుకో ఊరు, రోజుకో గడీ అని అమ్మే ప్యాకేజీ కొనకండి. గది చేతికొచ్చేది మధ్యాహ్నం తర్వాతే, మర్నాడు పొద్దున్నే ఖాళీ చెయ్యాలి. ఈ మధ్యలో సరస్సు ఒడ్డున కూర్చునేదెప్పుడు, సౌనా అనే వేడి ఆవిరి గదిలో చెమట పట్టించుకుని నీళ్లలో దూకేదెప్పుడు? ఒక్కో చోట రెండు రాత్రులు ఉంటేనే గిట్టుబాటు. ఆరు రాత్రులకు మూడు బసలు చాలు.

దారి తేలికే. శంషాబాద్ నుంచి హెల్సింకికి నేరుగా విమానం లేదు, మధ్యలో ఒకచోట మారాలి. హెల్సింకి నుంచి మిక్కెలి అనే ఊరు సుమారు 230 కిలోమీటర్లు, అంటే విజయవాడ కన్నా దగ్గరే. అక్కడి నుంచి సవొన్లిన్నాకు మరో 100, ఆపైన పుంకహర్యుకు 30. మిక్కెలి పక్కనే ఉన్న తెర్తి గడీ సొంత తోటలో పండిన కూరలతో పెట్టే బఫేకు పేరుపొందింది. పుంకహర్యులోని హోటల్‌ను ఖచ్చితంగా గడీ అనలేం. రష్యా జార్ కాలంలో, 1845లో, అటవీ అధికారి నివాసంగా కట్టిన ఇల్లది. అయినా మా జాబితాలోంచి తీసెయ్యబుద్ధి కాలేదు. మంచుయుగం వదిలివెళ్లిన ఏడు కిలోమీటర్ల సన్నని గట్టు, రెండు పక్కలా నీళ్లు, నిటారు పైన్ చెట్లు: అక్కడ పొద్దున ఆరింటికి నడిచి తీరాలి.

బుక్ చేసేముందు ఒక్క ప్రశ్న తప్పక అడగండి: గది ఏ భవనంలో? సైట్‌లో కనిపించేది పెద్దిల్లే అయినా, మీకిచ్చేది పాత కొట్టంలోనో ధాన్యపు కొట్టులోనో కావచ్చు. అవీ అందంగానే ఉంటాయి, కానీ కొన్నింటికి స్నానాల గది ఉమ్మడి. పాత ఇళ్లలో లిఫ్ట్ ఉంటుందని అనుకోవద్దు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో వెళ్తే కింది అంతస్తు కావాలని ముందే రాయించుకోండి. కుక్కర్ తీసుకెళ్లి గదిలో అన్నం వండుదామనుకోవద్దు, చెక్క ఇంట్లో నిప్పు భయం ఎక్కువ.

శాకాహారులకు మాట సాయం: రాత్రి భోజనం కావాలని బుకింగ్ అప్పుడే చెప్పాలి, 'చేపా గుడ్డూ కూడా తినం' అని విడిగా రాయాలి. 'వెజిటేరియన్' అన్నంత మాత్రాన అక్కడ గుడ్డు ఆగదు. కర్యలన్‌పీరక్క దొరికితే వదలొద్దు. రై అనే ధాన్యపు పిండి రేకులో పాలతో ఉడికిన అన్నం పెట్టి కాలుస్తారు, మన నాలుకకు త్వరగా పట్టేస్తుంది. పైన రాసే వెన్నలో ఉడికించిన గుడ్డు ఉంటుంది, వద్దంటే విడిగా పెడతారు. చేప తినేవాళ్లకు వేయించిన ముయిక్కు, చిన్న చేప, ముల్లుతో సహా నమిలెయ్యచ్చు.

కారు అద్దెకు తీసుకునేవాళ్లు ఆర్టీఏలో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, ఏడాది చెల్లుతుంది. అసలు లైసెన్సూ చేతిలో ఉండాలి. ఆటోమేటిక్ బండి కావాలంటే ముందే చెప్పాలి. బండి కుడివైపు నడపాలి, పగలైనా లైట్లు వెలగాలి. వేగం బాగా మీరితే జరిమానా మీ ఆదాయాన్ని బట్టి పడుతుంది. పొద్దుగూకే వేళ, తెల్లవారుజామున దుప్పి జాతిలోని పెద్ద జంతువు ఎల్క్ రోడ్డు మీదికొస్తుంది. గుర్రమంత ఉంటుంది, కాళ్లు పొడవు, గుద్దితే దాని బరువంతా అద్దం మీద పడుతుంది. అందుకే చీకటి పడకముందే గడీకి చేరాలి. రోడ్డులో భాగంగా బండ్లను నీళ్లు దాటించే పసుపు పడవలు ఎదురైతే కారుతోనే ఎక్కొచ్చు, డబ్బులుండవు.

ఎప్పుడు వెళ్లాలి? సవొన్లిన్నాలో 1475లో మొదలైన ఒలవిన్‌లిన్నా కోటలో జులైలో ఒపెరా ఉత్సవం జరుగుతుంది. ఆ వారాల్లో గదులు దొరకవు, దొరికినా ధర మండిపోతుంది. పాట కోసమైతే నెలల ముందే బుక్ చేయండి, లేకపోతే ఆగస్టు మొదట్లో వెళ్లండి. అడవిలో బ్లూబెర్రీలు ఎవరైనా కోసుకోవచ్చు, చట్టమే ఒప్పుకుంటుంది. సైమాలో తప్ప ఎక్కడా లేని సీల్ జాతి నీటి జంతువు రాళ్లెక్కి ఎండ కాచుకోవడం చూడాలంటే మాత్రం మే రెండో సగం. జూన్ 20-26 మధ్య వచ్చే శనివారం యుహన్నుస్, అంటే అక్కడి నడి వేసవి పండుగ. అప్పుడు దుకాణాలు మూతపడతాయి, సరుకులు ముందే కొనిపెట్టుకోవాలి.

వీసా రుసుము 90 యూరోలు, వీసా దరఖాస్తు కేంద్రం వాళ్ల సర్వీసు ఛార్జీ అదనం. బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. దరఖాస్తుతో ప్రతి రాత్రి బస కాగితమూ జతచెయ్యాలి కాబట్టి, ఈమెయిల్‌లో బుకింగ్ తీసుకునే చిన్న గడీల నుంచి పేర్లు, తేదీలతో నిర్ధారణ లేఖ అడిగి తెప్పించుకోండి. పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగే అందులోనూ ఉండాలి.