నల్లరేగడి ఊళ్లకు ఏ రోడ్డు మేలు: మొరమా, తారా, సిమెంటా?

పల్నాడులో, నంద్యాల వైపు, ఆదిలాబాద్‌లో రోడ్డు వేసేముందు అడుగున ఉన్న మట్టిని చూడాలి. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. పైన ఏది పరిచినా కింద 30 సెంటీమీటర్ల ఇసుకో మంచి గ్రావెలో కావాలి. ఆ పొర బెర్ముల (రోడ్డుకు రెండు పక్కలా ఉండే మట్టి పట్టీల) కిందుగా బయటి అంచు దాకా సాగాలి. చాలాచోట్ల మధ్యలో మాత్రమే తవ్వి గ్రావెల్ నింపి, రెండు పక్కలా మళ్లీ రేగడే పోస్తారు. ఇక నీటికి దారి ఉండదు, లోపలే నిలిచి పునాదిని నానబెడుతుంది. ఈ పని చెడితే తారైనా సిమెంటైనా ఒకటే.

లోకల్ బోర్డుల కాలం నాటి కంకర రోడ్లు ఎడ్లబండ్లకు సరిపోయాయి. బండి చక్రపు ఇనుప పట్టా రాయిని నలిపితే ఆ పిండి, మొరం, నీరు కలిసి సందులు పూడ్చేవి. వేగంగా పోయే రబ్బరు టైరు ఆ పిండిని పైకి పీల్చేస్తుంది, కంకర లేచిపోతుంది. అందుకే కంకర ఇప్పుడు తారు కింద పొరగా మిగిలింది.

పొలాల డొంకలకు మొరం చాలు. 3.75 మీటర్ల వెడల్పు రోడ్డుకు 4 శాతం వాలు ఇస్తే మధ్యభాగం అంచుకన్నా ఏడున్నర సెంటీమీటర్లు ఎత్తుండాలి. ట్రాక్టరు చక్రాల గాడులు పడి ఈ ఎత్తు పోతే నీరు నిలుస్తుంది. ఏటా వానలు తగ్గగానే, మట్టిలో తడి ఉండగానే చదును చేసి రోలర్ తిప్పాలి.

ఊరికీ ఊరికీ మధ్య తారే మేలు. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో వేసిన రోడ్లు ఎక్కువగా ఇవే. గ్రావెల్ మీద 63–45, 53–22.4 మిల్లీమీటర్ల కంకర ఏడున్నర సెంటీమీటర్ల చొప్పున రెండు పొరలు, పైన 2 సెంటీమీటర్ల తారు, దాని సందులు మూసే పలుచని పూత సీల్‌కోటు. ఆ 2 సెంటీమీటర్లు బరువు మోయవు, గొడుగులా నీటిని ఆపుతాయంతే. బెర్ము కుంగితే అంచు విరుగుతుంది, బెర్ము పెరిగితే నీరు రోడ్డు మీదే ఆగుతుంది. మాగాణి దగ్గరైతే ట్రాక్టర్ల ఇనుప దమ్ము చక్రాలు ఒక్క సీజన్లో తారును చీల్చేస్తాయి.

గుంత పడితే దులిపి తారు పోయడం దండగ. అంచులు నిలువుగా, చతురస్రంగా కోసి, వదులు రాయి తీసి, దుమ్ము ఊడ్చి, గోడలకూ అడుక్కీ టాక్‌కోటు (అతుక్కోవడానికి పలుచని తారు) పూసి, పొరలుగా నింపి దిమ్మిస చేయాలి. గుంతకు కారణం పక్క కాలువ పూడటమైతే ముందు కాలువ తీయాలి.

ఇళ్ల మధ్య వాడకనీరు ఎప్పుడూ పారే వీధిలో తారు నిలవదు, అక్కడ సిమెంటు తప్పదు. 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందంతో వంద మీటర్లకు 45 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది. 4 మీటర్లకు మించకుండా జాయింట్లు కోయాలి, మరుసటి రోజు దాటితే పగుళ్లు తమకు తోచినచోట వస్తాయి. మడులు కట్టి కనీసం 14 రోజులు నీళ్లు నిలపాలి. ఉపాధి హామీ నిధులతో వేసిన ఎన్నో వీధులు ఈ క్యూరింగ్ తగ్గడం వల్లే పైపొర పొడిగా రాలిపోయాయి. మంచినీటి పైపులు వేయడం ముందే పూర్తిచేయాలి. కోసిన సిమెంటును మళ్లీ అతికించడం తారు గుంత పూడ్చినంత తేలిక కాదు.

తారు రోడ్డులోనూ వాగు దాటే పల్లపు ముక్క మాత్రం సిమెంటుతోనే వేయాలి. డబ్బు తక్కువైతే పైపొరను వచ్చే ఏటికి వాయిదా వేసి, తూములు, పక్క కాలువలు ఈ ఏడే కట్టాలి.