ఆపరేషన్ ముందు టెన్షన్: మాత్రా, ఇంజక్షనా, మత్తు డాక్టర్ మాటా?

ఆపరేషన్ రేపనగా రాత్రి నర్సు తెచ్చిచ్చే చిన్న మాత్ర మన దగ్గర చాలాసార్లు ఆల్‌ప్రజోలామే. పావు మిల్లీగ్రామో, అర మిల్లీగ్రామో ఉంటుంది. దాంతో నిద్ర పడుతుంది, అంతవరకు మంచిదే. మర్నాడు థియేటర్ తలుపు దాటేటప్పుడు పుట్టే భయానికి మాత్రం అది పెద్దగా అక్కరకు రాదు.

మరి ఉదయం కూడా ఒకటి వేస్తే? 70 ఏళ్ల లోపు పేషెంట్లు వెయ్యిమందికి పైగా పాల్గొన్న ఒక ఫ్రాన్స్ అధ్యయనం 2015లో వచ్చింది. కొందరికి ఆల్‌ప్రజోలామ్ జాతిదే అయిన లోరాజెపామ్, కొందరికి మందు లేని ఉత్త మాత్ర ఇచ్చి, మిగతావాళ్లకు ఏమీ ఇవ్వలేదు. మర్నాడు అడిగితే మూడు గుంపుల తృప్తిలోనూ తేడా లేదు. పైగా లోరాజెపామ్ వేసుకున్నవాళ్లకు ఊపిరి కోసం గొంతులో పెట్టిన గొట్టం తీయడం నాలుగైదు నిమిషాలు ఆలస్యమైంది.

నన్నడిగితే మాత్ర కంటే మిడజోలామ్ ఇంజక్షన్ నయం. థియేటర్లో సెలైన్ పెట్టాక ఒకటి రెండు మిల్లీగ్రాములు ఇస్తే నిమిషాల్లో మనసు కుదుటపడుతుంది, ఆ తర్వాత జరిగింది చాలామందికి గుర్తుండదు. డాక్టర్ పక్కనే ఉంటారు, విరుగుడుగా ఫ్లూమజెనిల్ ఉంది. కాకపోతే బయట గంటలకొద్దీ ఎదురుచూసే టెన్షన్‌కి ఇది పనికిరాదు. ముసలివాళ్లకు తికమక, గట్టిగా గురకపెట్టేవాళ్లకు ఊపిరి ఇబ్బంది రావచ్చు. అలాంటివాళ్లకు మెలటోనిన్ (నిద్రకు సంబంధించిన హార్మోన్) గురించి అడగొచ్చు. ఉత్త మాత్ర కంటే అది ఆందోళన తగ్గిస్తుందని పరిశోధనల్లో తేలింది.

అన్నిటికన్నా ముందు నేను పెట్టేది మత్తు డాక్టర్ మాట. 1963లో బోస్టన్ డాక్టర్లు ప్రచురించిన అధ్యయనంలో, ముందురోజు మత్తు డాక్టర్ వచ్చి మాట్లాడిన పేషెంట్లు నిబ్బరంగా ఉన్నారు. పెంటోబార్బిటాల్ అనే నిద్రమందు మాత్రమే తీసుకున్నవాళ్లు మత్తుగా ఉన్నారే గానీ, భయం పోలేదు. మన ఆసుపత్రుల్లో పీఏసీ అనే, ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్ చేసే ఆ చెకప్ బీపీ చూసి సంతకం పెట్టించుకోవడంతో ముగిసిపోతే నష్టం పేషెంటుకే. "మధ్యలో మెలకువ వస్తుందా?" అని అక్కడే అడిగేయండి.

రెండు మూడేళ్ల పిల్లలకు మాత్రం మాటలు చాలవు, మందు అవసరమే కావచ్చు. మిడజోలామ్ సిరప్ అరగంటలో పనిచేస్తుంది, కానీ చేదు. కొందరు పిల్లలు శాంతించకపోగా ఇంకా చిరాకుపడతారు. ముక్కులో వేసే డెక్స్‌మెడిటోమిడిన్ అనే మత్తుమందుతో ఆ చేదు గొడవ లేదు, లేచాక ఏడుపూ తక్కువే. గుండె వేగం కొంత తగ్గుతుంది కాబట్టి కనిపెట్టి చూడాలి. పనిచేయడానికి ముప్పావు గంట వరకు పడుతుంది గనక, థియేటర్ నుంచి పిలుపు వచ్చాక వేస్తే లాభం లేదు.