కొత్తవాళ్ల మెంటార్ కిట్: క్లాసు కొనొచ్చు, లాగ్‌బుక్ మీరే అచ్చు వేసుకోండి

కొత్తగా పనిలో చేరిన కుర్రాళ్లకు తలా ఒక సీనియర్‌ని జతచేసి మూడు నెలలు నడిపించడానికి ఫ్యాక్టరీలకు, వర్క్‌షాపులకు అమ్మే కిట్ ఇది. అందులో వచ్చేవి నాలుగు: మెంటార్లకు ఒక రోజు క్లాసు, జేబులో పట్టే కార్డులు, 90 రోజుల లాగ్‌బుక్, కొత్తవాళ్ల హెల్మెట్‌కి అంటించే ఆకుపచ్చ స్టిక్కర్.

ఇలాంటిది అవసరమా అంటే అవసరమే. కెనడాలోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ వర్క్ అండ్ హెల్త్ పరిశోధనల ప్రకారం, చేరిన మొదటి నెలలో పనికి రాలేనంత గాయమయ్యే ముప్పు ఏడాది దాటినవాళ్లతో పోలిస్తే మూడు రెట్లకు పైనే. ఇందులో వయసు కన్నా కొత్తదనం పాత్రే ఎక్కువ. నలభై ఏళ్ల మనిషైనా కొత్త మెషిన్ ముందు కొత్తవాడే. కిట్ మాత్రం పాతికేళ్ల లోపువాళ్లకే అని గీత గీసింది. ఆ గీత చెరిపేసి వాడుకోండి.

క్లాసు నిజంగా బాగుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ఫ్యాక్టరీల్లో నడిపిన ‘ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ’ (టీడబ్ల్యూఐ) శిక్షణలోని నాలుగు మెట్లే దీనికి పునాది: మనిషిని సిద్ధం చేయడం, పని చేసి చూపించడం, అతనితో చేయించడం, తర్వాత కనిపెట్టుకుని ఉండడం. ముఖ్యంగా ‘అర్థమైందా?’ అనే ప్రశ్నను మెంటార్ నోట రాకుండా చేస్తారు. ఆ ప్రశ్నకు కొత్తవాడు ఎప్పుడూ తలే ఊపుతాడు. దాని బదులు ‘ఈ గార్డ్ తీస్తే ఏమవుతుందో నాకు చెప్పు’ అని అడిగించి, చేస్తూ నోటితో చెప్పమంటారు. చెయ్యి సరిగ్గా కదులుతూ కారణం తప్పు చెబితే, మెషిన్ మారిన రోజున ఆ చెయ్యి కూడా తప్పుతుందని పట్టుకోవడానికి ఇంతకన్నా తేలికైన దారి లేదు.

కార్డుల్లో బెంచ్ గ్రైండర్‌ది, అంటే బల్లకు బిగించిన సానపట్టే మెషిన్‌ది, మెచ్చుకోదగ్గది. తిరిగే సానరాయి వీల్‌కి, పనిముక్క ఆనించే రెస్ట్‌కి మధ్య సందు 3 మిల్లీమీటర్లు మించకూడదు. పైన నాలుకలాంటి గార్డ్‌కి 6 మిల్లీమీటర్లు. కారణం కూడా రాశారు: సందు పెరిగితే ముక్క లోపలికి లాక్కుపోయి ఇరుక్కుంటుంది, వీల్ పగలొచ్చు. వీల్ అరిగేకొద్దీ సందు దానంతటదే పెరుగుతుంది కాబట్టి పొద్దున సరిచేసింది సాయంత్రానికి సరిపోకపోవచ్చు. సరిచేసేది వీల్ పూర్తిగా ఆగాకే. కొత్త వీల్ బిగించేముందు చెక్కపిడితో మెల్లగా తట్టి వినమంటారు. ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే పగుళ్లున్నట్టే. వీల్ మీద రాసిన గరిష్ఠ వేగం మెషిన్ వేగం కన్నా తక్కువుంటే బిగించకూడదు. బిగించాక ఒక నిమిషం పక్కకు నిలబడి ఖాళీగా తిప్పాలి. డ్రిల్ కార్డులో గ్లౌజులు వద్దని పెద్దక్షరాల్లో ఉంది. చెయ్యి కాపాడుకోవాలని కొత్తవాళ్లు వేసుకునేది అవే, తిరిగే బిట్‌కి చిక్కుకునేదీ అవే.

లాక్‌ఔట్ అంటే లోపల చెయ్యి పెట్టేముందు మెషిన్‌ని ఎవరూ నడపకుండా తాళం వేయడం. దాని కార్డు సగమే బాగుంది. స్విచ్ ఆపి, తాళం వేసి, స్టార్ట్ బటన్ నొక్కి మెషిన్ కదలట్లేదని చూసుకోవాలని ఉంది. హైడ్రాలిక్ లైన్‌లో మిగిలిన ప్రెషర్, పైకెత్తి ఆపిన బరువు, సాగి ఉన్న స్ప్రింగ్ మాటే లేదు. కరెంటు తీసేసినా వీటిలో శక్తి అలాగే ఉంటుంది. పైగా స్టిక్కర్ ఇచ్చినవాళ్లు కొత్తవాడికి ఒక తాళం ఇవ్వలేదు. మెంటార్ తాళం మెంటార్‌నే కాపాడుతుంది. అతను తీసుకుని వెళ్లిపోయాక లోపల చెయ్యి పెట్టి ఉన్న రెండోవాడి సంగతేంటి? ఇద్దరికీ విడివిడి తాళాలు, ఎవరి తాళంచెవి వాళ్ల జేబులో.

లాగ్‌బుక్ దండగ. పేజీ నిండా పనుల జాబితా, పక్కన సంతకానికి ఒకే గడి. ఇలాంటివి నెలాఖరున ఒకే పెన్నుతో వరసగా నిండిపోతాయి. మూడు గడులు, ప్రతిదానికీ తేదీ ఉండాలి: ‘చూపించాను’, ‘చేసి చూపించాడు’, ‘ఒంటరిగా వదలొచ్చు’. మూడూ ఒకే తేదీతో ఉంటే సూపర్‌వైజర్ వెనక్కి పంపాలి. తృటిలో తప్పిన ప్రమాదాలు రాయడానికి ఒక పేజీ వదలండి.

కిట్ అసలు ముట్టుకోని విషయం టార్గెట్. సీనియర్‌కి రోజువారీ లెక్క అంతే ఉంచి పక్కన కొత్తవాడిని నిలబెడితే, ‘అన్నా, ఇదొకసారి చూడవా’ అన్న పిలుపుకి ‘ఆగు’ అనే జవాబే వస్తుంది. మొదటి రెండు వారాలైనా ఆ లెక్క తగ్గించాలి. తగ్గించలేకపోతే కిట్ కొనకండి. ఇద్దరిదీ ఒకే షిఫ్ట్ కావాలి. ఉద్యోగం పర్మనెంట్ చేయాలా వద్దా అని రాసేవాడే మెంటార్ అయితే కొత్తవాడు సందేహం అడగడు, దాచుకుంటాడు.

ప్రాణం మీదికొచ్చేలా ఉంటే పని ఆపి పక్కకు రావచ్చని కార్డు వెనక ఒక వాక్యం ఉంది. 1981 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్ఓ) 155వ ఒప్పందం చెప్పేదీ ఇదే: సహేతుకమైన కారణంతో అలా తప్పుకున్నవాడికి అందువల్ల నష్టం జరగకూడదు. క్లాసులో దీన్ని ఒక్కసారి చదివి వదిలేశారు. మెంటారే ముందు ఒకసారి పని ఆపి చూపించాలి, లేకపోతే కుర్రాడికి ధైర్యం రాదు.

స్టిక్కర్ మూడో నెల చివర తీసేస్తారు. మెషిన్ మారితే, నైట్ షిఫ్ట్‌కి పంపితే మళ్లీ అంటించమని ఎక్కడా లేదు. అడిగితే అదనపు స్టిక్కర్లు ఇస్తారు, ముందే తెప్పించుకోండి.