అదనపు నిధులతో నడిచే ఇంగ్లీషు సహాయం: మా అబ్బాయి బడిలో రెండేళ్ల అనుభవం

మా అబ్బాయి ఎనిమిదేళ్లు వచ్చేదాకా ఒంగోలులో వాళ్ల అమ్మమ్మ దగ్గర పెరిగాడు. 2023 ఆగస్టులో కాలిఫోర్నియాకు వచ్చి, బే ఏరియాలో మేముండే ఊళ్లోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతిలో చేరాడు. ఒంగోలులో చదివింది ఇంగ్లీషు మీడియంలోనే అయినా, పాఠం చదవమంటే గడగడా చదివేవాడు గాని, అది ఎందుకలా జరిగిందో చెప్పమంటే నోరు పెగిలేది కాదు. చేరిన కొన్ని వారాలకే ఎల్పాక్ అనే పరీక్ష పెట్టి, వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం అనే నాలుగింటినీ చూసి, వాడిని ఇంగ్లీషు నేర్చుకుంటున్న విద్యార్థుల జాబితాలో చేర్చారు. అలాంటి పిల్లల పేరున ప్రభుత్వం ఇచ్చే అదనపు నిధులను బడి ఎలా ఖర్చు చేసిందో, ఆ ఖర్చులో మా వాడికి నిజంగా అందింది ఎంతో రెండేళ్లపాటు దగ్గరుండి చూశాను కనుక ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా డబ్బు సంగతి. కాలిఫోర్నియాలో 2013లో వచ్చిన నిధుల చట్టం ప్రకారం ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలు, తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలు, ఫోస్టర్ సంరక్షణలో (సొంతవాళ్లకు దూరంగా, ప్రభుత్వం ఏర్పాటు చేసిన ఇళ్లలో) ఉన్న పిల్లలు ఒక్కొక్కరి లెక్కన, ఆ ప్రాంతపు బడులను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్‌కు, ప్రతి పిల్లవాడికీ ఇచ్చే మూల నిధిపై 20 శాతం అదనంగా వస్తుంది. ఒక పిల్లవాడు రెండు కోవల్లోకి వచ్చినా లెక్క ఒక్కసారే. ఇది కాక, ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లల కోసమే ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం టైటిల్ త్రీ అనే పద్దు కింద ఇచ్చే సొమ్ము వేరే ఉంది. 2024 ఆర్థిక సంవత్సరంలో అది దేశం మొత్తానికి దాదాపు 89 కోట్ల డాలర్లు. వినడానికి పెద్ద మొత్తమే గాని, దేశంలో ఇలాంటి పిల్లలు 50 లక్షలకు పైగా ఉన్నారు కాబట్టి, తలకు చూస్తే ఏడాదికి 180 డాలర్లకు లోపే. ఇంత చిన్న మొత్తం కనుకనే దాన్ని దేనికి వాడారన్న ప్రశ్న అంత ముఖ్యం.

టైటిల్ త్రీ డబ్బుకు ఒక గట్టి నిబంధన ఉంది: బడి ఎలాగూ చేయవలసిన పనికి దాన్ని వాడకూడదు, ఆ పనికి పైన చేసేదానికే వాడాలి. ఎలాగూ చేయవలసిన పని ఏమిటన్నది 1974లోనే తేలింది. శాన్‌ఫ్రాన్సిస్కో బడుల్లో చేరిన చైనీస్ పిల్లల్లో దాదాపు 1,800 మందికి ఇంగ్లీషు నేర్చుకోవడానికి ఏ సహాయమూ ఇవ్వకుండా వదిలేశారు. వాళ్ల తరఫున నడిచిన లౌ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, అర్థంకాని భాషలో అందరికీ ఇచ్చిన పుస్తకమే వారికీ ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదని తీర్పు చెప్పింది. కాబట్టి రోజూ జరగవలసిన ఇంగ్లీషు అభివృద్ధి తరగతి, చేరినప్పుడు పెట్టే పరీక్ష, బడి నోటీసులను తల్లిదండ్రులకు అర్థమయ్యే భాషలో అందించడం, ఇవన్నీ మామూలు నిధుల నుంచే జరగాలి. అదనపు గంటల బోధన, దానికి పెట్టుకునే సహాయకులు, ఉపాధ్యాయుల శిక్షణ, కుటుంబాలను బడికి దగ్గర చేసే కార్యక్రమాలు టైటిల్ త్రీ పరిధిలోకి వస్తాయి. రాష్ట్రం ఇచ్చే 20 శాతానికి పట్టు కొంత సడలింపుగా ఉన్నా, దానితో చేసే పని ప్రధానంగా ఆ పిల్లల కోసమే అయివుండాలి.

ఇంత చక్కటి ఏర్పాటు ఉండి కూడా మొదటి ఏడాది మా వాడికి దక్కింది చాలా తక్కువ. వారానికి మూడు రోజులు, సరిగ్గా సైన్స్ పాఠం జరిగే వేళకు, వాడిని మరో ఐదుగురితో కలిపి వేరే గదికి తీసుకువెళ్లి, హెడ్‌ఫోన్లు పెట్టి ఒక సాఫ్ట్‌వేర్ ముందు కూర్చోబెట్టేవారు. తెర మీద అరటిపండు బొమ్మ వస్తే దాని పేరు నొక్కాలి. వాడికి అరటిపండు పేరు తెలుసు. తెలియనిది, ఒక విషయానికి కారణం చెప్పడం ఎలాగన్నది. అది నేర్చుకునే చోటు సైన్స్ తరగతి, వాడిని తప్పించింది కూడా అక్కడి నుంచే. ఇంటికి వచ్చి, "అమ్మా, అందరూ మొక్కలు నాటారు, నేను లేను" అని చెప్పిన రోజు నాకు చాలా బాధ కలిగింది. ఆ సాఫ్ట్‌వేర్ లైసెన్సులు కొన్నది ఈ పిల్లల పేరున వచ్చిన సొమ్ముతోనే.

ఆ సంగతి నాకు తెలిసింది ఈలాక్ అనే తల్లిదండ్రుల కమిటీ సమావేశంలో. ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలు 21 మంది, అంతకు మించి ఉన్న ప్రతి బడిలోనూ ఈ కమిటీ ఉండి తీరాలి. ఆ సాయంత్రం గ్రంథాలయంలో చిన్న పిల్లల కుర్చీల్లో తొమ్మిదిమందిమి కూర్చున్నాం, తెలుగువాళ్లలో నేను ఒక్కదాన్నే. ప్రిన్సిపాల్ పంచిన ఖర్చుల కాగితంలో సగానికి పైగా లైసెన్సులకే పోయినట్టు కనిపించింది. నా పక్కన కూర్చున్న వియత్నామీ తల్లి దుబాసీ సహాయంతో, "ఈ డబ్బు లేకపోతే మా అమ్మాయికి ఏది దక్కకుండా పోతుంది?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ప్రిన్సిపాల్‌గారు చాలాసేపు తీసుకున్నారు. ఆవిడ మంచి మనసుతోనే విన్నారని, తరువాత మార్పు తెచ్చారని కూడా ఇక్కడే చెప్పాలి.

రెండో ఏడాది లైసెన్సులు మానేసి, ఆ డబ్బుతో రోజుకు కొన్ని గంటలు పనిచేసే సహాయకురాలిని పెట్టుకున్నారు. ఆమె పిల్లలను బయటికి తీసుకుపోకుండా సైన్స్, సోషల్ తరగతుల్లోనే వాళ్ల బల్ల దగ్గర కూర్చునేది. బడి అయ్యాక వారానికి రెండు రోజులు నలుగురైదుగురు పిల్లలతో మరో గంట చదివించి, మాట్లాడించేది. తరగతి ఉపాధ్యాయురాలికి కూడా ఈ పిల్లలకు పాఠం ఎలా చెప్పాలో శిక్షణ ఇప్పించారు. నా దృష్టిలో మొత్తం ఖర్చులో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఆ శిక్షణే, ఎందుకంటే సహాయకురాలు ఉండేది కొన్ని గంటలే, ఉపాధ్యాయురాలు రోజంతా ఉంటుంది.

ఆ శిక్షణ ఫలితం నేను ఒక అట్టముక్క మీద చూశాను. నీరు ఆవిరి కావడం గురించిన పాఠంలో పిల్లలందరికీ మూడు గళ్లు గీసిన కార్డు ఇచ్చారు: ఒక గడిలో బొమ్మ, ఒకదానిలో ఇంగ్లీషు మాట, మూడోదానిలో ఇంటి భాషలో మాట. మా వాడు అన్నం గిన్నె గీసి, మూత లోపలివైపు నీటి బొట్లు పెట్టి, పక్కన తెలుగులో "ఆవీరి" అని దీర్ఘం తప్పుగా రాశాడు. వాళ్ల అమ్మమ్మ మూత తీసినప్పుడల్లా చూసినదే అది. కింద ఇంగ్లీషులో, "ఆవిరి మూతకు తగిలి చల్లబడింది, అందువల్ల నీళ్లయింది" అని రెండు వాక్యాలు. ఆ "అందువల్ల" వాడి నోట రావడానికి ఏడాదిన్నర పట్టింది. తెలుగు చదవలేని ఆ ఉపాధ్యాయురాలు ఆ మాటను చెరపకుండా, దాన్ని పైకి చదివి వినిపించమని వాడినే అడిగారట.

మిగిలినవాటిలో వేసవి తరగతులు బాగున్నాయి గాని మూడు వారాలకే అయిపోయాయి. రెండు భాషల పుస్తకాలు కొన్నారు గాని వాటిలో తెలుగువి ఒక్కటీ లేవు.

మనవాళ్లకు ఒక మాట చెప్పాలి. చేర్చేటప్పుడు ఇచ్చే ఇంటి భాష పత్రంలో నాలుగు ప్రశ్నలుంటాయి. పిల్లవాడి మీద ముద్ర పడుతుందన్న భయంతో అన్నిటికీ ఇంగ్లీషు అని రాసిన కుటుంబాలు నాకు తెలుసు. అలా రాస్తే పరీక్షా ఉండదు, సహాయమూ ఉండదు, ఆ పిల్లవాడి పేరున డబ్బూ రాదు. ఇబ్బంది మాత్రం వాడితోనే ఉంటుంది. జాబితాలో చేర్చినట్టు బడి ఉత్తరం పంపుతుంది, అందులో స్థాయి ఎంతో, ఏ సహాయం ఇస్తారో, ఎప్పుడు బయటపడవచ్చో ఉంటుంది. ప్రత్యేక కార్యక్రమం వద్దనుకునే హక్కు కూడా మనకు ఉంది. స్థాయి అందుకున్నాక జాబితా నుంచి తీసివేసి, ఆ పైన నాలుగేళ్లు చదువు ఎలా సాగుతోందో గమనిస్తారు.

మొదటి ఏడాదికి ఐదులో రెండు, రెండో ఏడాదికి నాలుగు ఇస్తాను. 2025 వసంతంలో రాసిన ఎల్పాక్‌లో మా వాడు రాయడంలో మాత్రం వెనకబడ్డాడు కనుక ఇంకా జాబితాలోనే ఉన్నాడు. ఆ జులై 1న రావలసిన టైటిల్ త్రీ సొమ్మును ఫెడరల్ ప్రభుత్వం ఆపి, నెలాఖరుకు గాని వదలలేదు. ఆ నాలుగు వారాలూ సహాయకురాలికి మళ్లీ పని ఉంటుందో లేదో తెలియలేదు. ఆమె తిరిగి వచ్చింది గాని, బడి అయ్యాక జరిగే గంట వారానికి ఒక్కరోజుకు తగ్గింది. ఈ ఏడాది తొలి ఈలాక్ సమావేశంలో, ఆ రెండో రోజును రాష్ట్ర నిధి నుంచి నడపగలరా అని నేనూ ఆ వియత్నామీ తల్లీ కలిసి రాతపూర్వకంగా అడిగాం.