సగం గ్లాసు టీ

మూడున్నరేళ్లుగా కర్నూలులో తాగుడు మానుకునేవాళ్ల గ్రూపుకు పోతున్నాను. ప్రతి ఆదివారం సాయంత్రం. తాగుడు మానడానికి గ్రూపు చెప్పే పన్నెండు మెట్లు, ఫీజు లేకపోవడం, ఇంటిపేరు అడగకపోవడం అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది అక్కడ పోసే టీ గురించి.

మొదటి రోజు నా చేతికిచ్చిన స్టీలు గ్లాసులో టీ సగమే ఉంది. పక్కవాళ్లకు మాత్రం నిండుగా పోశాడు, గ్రూపులో టీ పోసే పెద్దాయన. నేను టైలర్‌ని. ఆ రోజుల్లో సూదిలో దారం ఎక్కించాలంటే మా చిన్నమ్మాయిని పిలిచేవాణ్ణి, వేళ్లు అంతలా వణికేవి. నిండు గ్లాసు ఇచ్చి ఉంటే పదిమంది ముందు చొక్కా మీద పోసుకునేవాణ్ణి. ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు. ఆయన చేతులూ ఒకప్పుడు అలాగే వణికాయని తర్వాత తెలిసింది. ఇంట్లోవాళ్లు ఏడ్చి చెప్పారు, మామ తిట్టి చెప్పాడు, పెద్దమనుషులు కూర్చోబెట్టి చెప్పారు. ఏదీ లోపలికి దిగలేదు. ఆ సగం గ్లాసు దిగింది.

ఈ పద్ధతికి మూలమైన ఆల్కహాలిక్స్ అనానిమస్ కూడా 1935లో అమెరికాలో ఇలాగే మొదలైందట. ఒక షేర్ల వ్యాపారి, ఒక సర్జన్, ఇద్దరూ తాగుడుకు బానిసలే, ఎదురెదురుగా కూర్చుని తమ గోడు చెప్పుకున్నారు. అంతకంటే పెద్ద రహస్యమేమీ లేదని నాకనిపిస్తుంది.

అయితే ఆ గదికి చేరడమే పెద్ద కష్టమైంది. ఎవరో వాట్సాప్‌లో పంపిన అడ్రస్ పట్టుకుని పోతే గేటుకు తాళం. చీకటి పడుతోంది. వచ్చే దారిలో వైన్‌షాపు చూసుకునే వచ్చాను, జేబులో రెండు వందలున్నాయి. తిరిగి పోదామనుకుంటుండగా గేటు పక్కన పూలమ్మే ఆమె గట్టిగా కేకేసింది: "తాగుడు మానేటోళ్ల కోసమా నాయనా? పోయిన నెల ఎనక సందులోకి మారినారు. ఆ నీలం గేటు కనపడతాంది సూడు, ఆడికి పో." బజారంతా వినపడింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె మల్లెపూలు మూరేస్తూ, ఈసారి మెల్లగా అంది: "మా ఆయన గూడ పోయింటే బాగుండు." ఆ మాట విన్నాక వైన్‌షాపు దారి పట్టడానికి కాళ్లు రాలేదు.

మొదటి ఆరు నెలలూ కనపడిన ప్రతివాడికీ గ్రూపు గురించి చెప్పాను. అక్కడికి పోతే చాలు, ఇంకేమీ అక్కర్లేదన్నాను. ఆ మాట ఇప్పుడు అనను. ఎనిమిదో నెలలో మేనల్లుడి పెళ్లిలో మళ్లీ తాగాను. ఒక్క పెగ్గుతో మొదలై పదకొండు రోజులు నడిచింది. ఫోన్ చేయడానికి గ్రూపులో అందరూ నంబర్లు ఇచ్చారు. చేయలేదు. గ్రూపుకు మళ్లీ పోవాలంటే మొహం చెల్లలేదు. మా ఆవిడే నీలం గేటు దాకా తోడొచ్చి, నేను లోపలికి పోయేదాకా బయట నిలబడింది. ఎక్కడికి పోయావని లోపల ఎవరూ అడగలేదు. ఆ పెద్దాయన లేచి, గ్లాసు కడిగి, మళ్లీ సగం టీ పోసి ఇచ్చాడు. ఆ రోజు నుంచి రెండేళ్ల పది నెలలు.

గ్రూపు ఆసుపత్రి కాదు, ఇది మాత్రం గట్టిగా చెప్పాలి. ఏళ్లతరబడి రోజూ తాగేవాళ్లు ఇంట్లో పడుకుని ఒక్కసారిగా మానేయకూడదు. గ్రూపు సంగతి తెలియక ముందు నేనలాగే మానేస్తే రెండో రోజు కుట్టుమిషను మీదే ఫిట్స్ వచ్చాయి. వార్డులో పెట్టి, మందులతో పాటు బీ1 విటమిన్ ఇంజెక్షన్లు ఇచ్చి నిలబెట్టారు. ముందు డాక్టరు, తర్వాతే గ్రూపు. ఎక్కడికి పోవాలో తెలియకపోతే 14446కు చేయవచ్చు, మత్తు మానాలనుకునేవాళ్ల కోసం ఉన్న ప్రభుత్వ టోల్‌ఫ్రీ నంబరు అది.

పేరు బయటికి రాదన్నది కూడా మన ఊళ్లలో మనుషుల మంచితనం మీదే నిలబడాలి. మా వీధిలో నాలుగిళ్ల అవతల ఉండే ఆయన ఒకరోజు గ్రూపు గది తలుపు తోసుకుని వచ్చాడు. ఇద్దరం బిగుసుకుపోయాం. ఇప్పటిదాకా ఆయన నా సంగతి బయట ఎత్తలేదు, నేనూ ఆయనది ఎత్తలేదు. అందరికీ అంత అదృష్టం ఉంటుందని చెప్పలేను. ఇంకోటి, మా గదిలో అందరం మగవాళ్లమే. ఒక్కసారి ఒకామె వచ్చి తలుపు దగ్గరి కుర్చీలో కూర్చుంది, ఒక్క మాటా మాట్లాడలేదు, మళ్లీ రాలేదు. ఆమె గుర్తొస్తే నాకిప్పటికీ బాధగానే ఉంటుంది.

నాకు కుదరడానికి వేరే కారణాలూ ఉన్నాయి. ఆదివారం షాపుకు సెలవు, గ్రూపు నడిచిపోయేంత దూరంలో ఉంది, మా ఆవిడ వదిలిపెట్టలేదు. ఇవేవీ లేనివాళ్లకు ఎలా ఉంటుందో నేను చెప్పలేను. డోన్ నుంచి వచ్చే ఒకాయనకు బస్సు టైమ్ కుదరదు, మీటింగు సగంలో లేచిపోవాలి. అందుకని ఆయన అందరికంటే మొదట మాట్లాడేలా మేమే వరస మార్చుకున్నాం.